సున్నా క్రెడిట్ల భూమి

నాలుగేళ్ళ కిందటి మాట. మా దగ్గర పదో తరగతి దాకా చదివి, ఎంసెట్ రాసి, హైదరాబాద్ శివార్లలో ఒక ప్రైవేటు కాలేజీలో సివిల్ ఇంజనీరింగ్ సీటు తెచ్చుకున్న వాడ పిల్లగాడు సెలవులకి డోర్నకల్ వచ్చాడు. తండ్రి హమాలీ. తల్లి మిర్చి ఏరే కూలి. వాళ్ళింటికి పోతే అరుగు మీద ఒక పుస్తకం కనపడింది. పర్యావరణ శాస్త్రం.

'ఎన్ని మార్కులకిరా ఇది?' అన్నాం.

'పాసైతే చాలు సార్. క్రెడిట్లు సున్నా. రేపు పరీక్ష అనంగ రాత్రి చూసుకుంటం' అన్నాడు.

'అందులో ఏముంటది?'

'భూమిని రాబోయే తరాలకి కాపాడాలె అని ఉంటది సార్.'

పక్కన కూసుని బీడీ ముట్టిస్తున్న తండ్రి తలెత్తాడు. 'మనకేడ భూమి ఉన్నది సారూ, కాపాడనీకి?' అన్నాడు.

అందరం నవ్వినం. ఇంటికొచ్చినంక ఆ నవ్వు గొంతులో ఇరుక్కుంది. కొడుకు కాలేజీలో భూమి విలువ సున్నా. తండ్రి చేతిలో ఉన్న భూమీ సున్నా. ఈ రెండు సున్నాలకీ సంబంధం లేదా? ఉందనే ఈ సంపాదకీయం.

లెక్క సూటిగా చెప్పుకుందాం. 1991 నవంబర్ 22న ఎం.సి.మెహతా కేసులో సుప్రీంకోర్టు పర్యావరణాన్ని బడిలోనూ కాలేజీలోనూ తప్పనిసరి పాఠం చెయ్యమంది. అదే 1991లో, ఆగస్టు 6న, చుండూరులో మనవాళ్ళని నరికి గోనెసంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. కోర్టు చెప్పిన పాఠం కాలేజీలకి చేరడానికి పన్నెండేళ్ళకి పైగా పట్టింది. చేరింది కూడా ఎట్లా చేరింది? 2018లో ఎఐసిటిఇ ఇచ్చిన నమూనా సిలబస్‌లో పర్యావరణ శాస్త్రం 'తప్పనిసరి' సబ్జెక్టు, కాని క్రెడిట్లు లేని సబ్జెక్టు. భారత రాజ్యాంగం కూడా అదే వరసలో కూసుంది. మన జెఎన్‌టియు హైదరాబాద్ ఆర్-18 నిబంధనల్లోనూ అంతే. క్లాసు ఉంటుంది, పరీక్ష ఉంటుంది, విలువ ఉండదు. అంబేద్కర్ రాసిన రాజ్యాంగానికీ సున్నా, భూమికీ సున్నా. ఈ రెంటినీ ఒకే తట్టలో ఎత్తిపోసిన పెద్దమనుషుల తెలివికి దండం పెట్టాలి!

ఇంజనీరింగ్ చదివే పిల్లలకి క్రెడిట్ అంటే ప్రాణం. కాలేజీ దేనికి క్రెడిట్ ఇస్తుందో అదే చదువు, దేనికి ఇవ్వదో అది నీతిబోధ. కనక సిమెంటు చదువు, ఇనుము చదువు, కరెంటు చదువు ఒకపక్క. ఆ సిమెంటు ఎవరి గుట్టని తిన్నది, ఆ కరెంటు ఎవరి ఊరిని బూడిద చేసింది అన్నది ఇంకోపక్క. మొదటిదానికి ఉద్యోగం, రెండోదానికి ఒక రాత్రి చదువు.

ఆ ఒక్క రాత్రి చదివే పాఠంలో ఏముంది? 1987లో బ్రంట్‌లాండ్ కమిషన్ ఇచ్చిన నిర్వచనం ఉంది. ఇవాళ్టి అవసరాలు తీర్చుకుంటూనే రేపటి తరాల అవసరాలకి గండి కొట్టకపోవడమే సుస్థిర అభివృద్ధి అని దాని సారం. పిల్లలు దీన్ని బట్టీ పడతారు. కాని ఆ నివేదిక అక్కడ ఆగలేదు. అవసరాలంటే ముందుగా లోకంలోని పేదల అవసరాలనీ, వాటికే అన్నింటికన్నా పెద్దపీట వెయ్యాలనీ ఆ వెంటనే చెప్పింది. పరీక్షలో మొదటి ముక్క రాస్తే మార్కులు పడతాయి. రెండో ముక్క ఎవరూ అడగరు. రేపటి తరం గురించి కన్నీళ్ళు పెట్టడం సులువు, ఎందుకంటే అది ఇంకా పుట్టలేదు, వచ్చి బావి దగ్గర నిలబడదు. ఇవాళ్టి తరంలో వాడ ఉంది. అది వచ్చి నిలబడుతుంది.

2015లో ఐక్యరాజ్యసమితి 2030 దాకా 17 సుస్థిర లక్ష్యాలు పెట్టుకుంది. అసమానతలు తగ్గించే లక్ష్యం కింద వయసు, లింగం, వైకల్యం, జాతి, తెగ, పుట్టుక, మతం, ఆర్థిక స్థితి అని వరసగా రాసింది. కులం అన్న మాట లేదు. 'పుట్టుక' అన్న మాట చాటున మనం తలదాచుకోవాలి కాబోలు! మిత్రులారా, సుస్థిరం అంటే కదలకుండా నిలిచేది అనే కదా అర్థం? ఈ దేశంలో వేల ఏళ్ళుగా సుస్థిరంగా నిలిచింది ఒక్క కులమే. చెరువులు పూడినయి, అడవులు కరిగినయి, వాగులు ఎండినయి. కులానికి మాత్రం ఏ కరువూ రాలేదు. దాన్ని ముట్టుకోకుండా సుస్థిరత చెప్పే పుస్తకం సగం పుస్తకమే.

మనకి పర్యావరణం కొత్త పాఠం కాదు. 1927 మార్చి 20న మహద్‌లో చౌదార్ చెరువు నీళ్ళు దోసిట్లోకి తీసుకున్న అంబేద్కర్ అడిగింది ఏమిటి? పశువులు తాగే నీళ్ళు మనిషికి ఎందుకు లేవు అని. ఆయనే 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కౌన్సిల్‌లో లేబర్ మెంబరుగా నీటిపారుదల, కరెంటు శాఖల విధానాలు నడిపాడు. దామోదర్ లోయ పథకానికి పునాది పడింది ఆ కాలంలోనే. నదిని మొత్తంగా చూడాలి, వరద ఆపడం, కరెంటు, సాగు, రవాణా అన్నీ కలిపి ఆలోచించాలి అన్నది ఆయన పట్టిన దారి. ఇంజనీరింగ్ కాలేజీల్లో ఏప్రిల్ 14న దండ వేస్తారు గాని నీటి క్లాసులో ఈ మాట ఎంతమంది చెప్తున్నారు?

ఇంకా దగ్గరికి రండి. కారంచేడు 1985 జూలై 17. ఆరుగురు మాదిగల ప్రాణాలు పోయాయి. ముందురోజు గొడవ దేని మీద మొదలైంది? మాదిగలు తాగే చెరువు నీళ్ళని మురికి చెయ్యొద్దన్నందుకు. కత్తి చంద్రయ్య అడ్డం చెప్పాడు, నీళ్ళకొచ్చిన మున్నంగి సువార్త బిందె ఎత్తింది. నీటి కాలుష్యం మీద ఈ తెలుగు నేలలో జరిగిన అతి పెద్ద పోరాటం అదే. పర్యావరణ శాస్త్రం పుస్తకంలో చిప్కో ఉంటుంది, నర్మద ఉంటుంది. ఉండాల్సిందే. కారంచేడు ఎందుకు లేదు? సువార్త బిందె జలకాలుష్య పాఠం కాదా?

ఇక మా డోర్నకల్ సంగతి. పాత వరంగల్ జిల్లా, 2016 నుంచి మహబూబాబాద్ జిల్లా. 2024 ఆగస్టు 31 రాత్రి కురిసిన వానకి ఆకేరు పొంగింది. ఇంటికన్నె, కేసముద్రం మధ్యన రైలుకట్ట కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడినయి. మరిపెడ మండలం సీతారాం తండా మునిగింది. పురుషోత్తమాయగూడెం దగ్గర వంతెన మీద కారు కొట్టుకుపోయి, కారేపల్లి మండలంలోని తండాలో పుట్టి వ్యవసాయ శాస్త్రవేత్త అయిన ఒక లంబాడా ఆడబిడ్డ తండ్రితో సహా పోయింది. ఎన్ని తరాలకి ఒక తండా నుంచి ఒక శాస్త్రవేత్త పుడుతుంది? ఆ ఒక్క బిడ్డని ఒక వాగు, ఒక వంతెన, ఒక రాత్రి మింగినయి. దాన్ని దైవాధీనం అందామా?

వంతెన కట్టేటప్పుడు యాభై ఏళ్ళకో వందేళ్ళకో ఒకసారి వచ్చే వరదని లెక్కేసి ఖానాల వెడల్పు తేల్చాలని ఇంజనీరింగ్ పుస్తకాల్లోనే ఉంది. ఆ లెక్క పాత వానలది. వానల తీరు మారింది, లెక్క మారాలి. అంతే కాదు, పల్లంలో ఎవరున్నారు, నీళ్ళు ఎవరి ఇళ్ళలోకి పోతాయి అన్నది కూడా లెక్కలోకి రావాలి. వాడ పల్లంలో ఎందుకుంది? మనం ఎంచుకున్నామా? ఊరు మెరక ఎంచుకుని మనకి పల్లం విడిచింది. ఇప్పుడు వాన పెరిగితే మొదట మునిగేది ఎవరో చెప్పడానికి పెద్ద శాస్త్రం అక్కర్లేదు.

ఆ వరదలప్పుడు మొదట చెప్పిన పిల్లగాడు ఇంటికొచ్చి ఉన్నాడు. అప్పటికి పాసైపోయాడు. వాడలో మోకాలి లోతు నీళ్ళు మూడు రోజులున్నయి. నీళ్ళు తీసినంక ఒక టేపు, ఒక నోటు పుస్తకం పట్టుకుని తిరిగాడు. సాయంత్రం మా దగ్గరికొచ్చి కూసున్నాడు.

'సార్, సీసీ రోడ్డు మీద సీసీ రోడ్డు పోసుకుంట పోయిన్రు. రోడ్డు మన గడపల కన్నా రెండు జానలు ఎత్తున్నది. రోడ్డే కట్ట అయింది. నీళ్ళు పోవాల్నంటే దాని కింద ఒక్కటే తూము. అది ఊరి దిక్కు నీళ్ళకి సరిపోతది. మన దిక్కు నీళ్ళు లెక్కల్నే లేవు.'

'నీకెట్లా తెలిసింది?'

'హైడ్రాలజీల చదివిన సార్. అది నాలుగు చినుకులకి ఎన్ని నీళ్ళు పారుతయో చెప్పే సబ్జెక్టు. దానికి క్రెడిట్లున్నయి.'

'మరి పర్యావరణం సబ్జెక్టుల ఈ సంగతి రాలేదా?'

'అది వేరే ఇది వేరే సార్. రెండూ ఒకటే అని ఎవ్వరూ చెప్పలె.'

ఈ ఒక్క మాట మీద మనం ఒక రాత్రంతా మాట్లాడుకోవచ్చు. చదువుని రెండు ముక్కలు చేశారు. లెక్క ఉన్న చోట మనిషి లేడు, మనిషి ఉన్న చోట లెక్క లేదు. పర్యావరణం క్లాసులో దయ నేర్పుతారు, హైడ్రాలజీ క్లాసులో లెక్క నేర్పుతారు. దయకి తూము వెడల్పు తెలియదు, లెక్కకి వాడ తెలియదు. సుస్థిరత అన్నది వేరే సబ్జెక్టుగా పెట్టినంత కాలం అది ఇట్లాగే అరుగు మీద పుస్తకమై ఉంటుంది. ప్రతి సబ్జెక్టు లోపల అది నెత్తురులా పారాలి.

పిల్లగాడు గీసిన బొమ్మ, రాసిన కొలతలు జతచేసి వాడంతా సంతకాలు, వేలిముద్రలు పెట్టి ఒక దరఖాస్తు ఇచ్చాం. ఆ కాగితం ఒక ఆఫీసులో ఇంకా నిద్రపోతోంది. నిద్రలేపే పని మనదే.

డోర్నకల్ జంక్షన్ నుంచి కారేపల్లి మీదుగా కొత్తగూడెం దాకా పోయే రైలుదారి బొగ్గుదారి. ఇల్లెందులో బొగ్గు తవ్వకం 1889లో మొదలైంది. అప్పటి నుంచి ఈ పట్టాల మీద నల్లబంగారం పోతూనే ఉంది. బొగ్గు పోయింది, దుమ్ము మిగిలింది. ఇవాళ సింగరేణి బొగ్గులో ఎక్కువ భాగం ఓపెన్‌కాస్టుల నుంచే. భూమి తోలు ఒలిచి తీసే బొగ్గు అది. బాంబు పేలుళ్ళకి గోడలు నెర్రెలిస్తయి, బావులు ఎండుతయి, ఊళ్ళకి ఊళ్ళు లేస్తయి. పట్టా ఉన్నోడికి పరిహారం. పట్టా లేనోడికి? కూలికి పోయే మాల మాదిగలకి పోయిన కూలిని ఏ సర్వేయరు కొలిచాడు? అడవిని నమ్ముకున్న కోయలకి పోయిన అడవిని ఏ లెక్కలో రాశారు?

ఆ కొత్తగూడెంలోనే 1978లో స్కూల్ ఆఫ్ మైన్స్ మొదలైంది. గని ఇంజనీర్లని తయారు చేసింది. 2025లో తెలంగాణ ప్రభుత్వం దాన్ని డాక్టర్ మన్మోహన్ సింగ్ ఎర్త్ సైన్సెస్ యూనివర్సిటీగా మార్చింది. భూమి మీద చదువులకే ఒక యూనివర్సిటీ! అదీ మన గడప ముందర. మేం దీన్ని స్వాగతిస్తున్నాం. స్వాగతిస్తూనే అడుగుతున్నాం: ఆ యూనివర్సిటీకి భూమి అంటే ఏమిటి? పొరలు పొరలుగా రాయీ బొగ్గూ నీరూనా, లేక దాని మీద బతికే మనిషి కూడానా? తవ్వడమే నేర్పుతుందా, తవ్విన గుంతని ఏం చెయ్యాలో కూడా నేర్పుతుందా? గుంత పక్కన ఊరు మళ్ళీ ఎట్లా నిలబడాలో నేర్పుతుందా? 2024 ఆగస్టులో పాత కేటీపీఎస్ కూలింగ్ టవర్లు కూల్చారు. జనం చుట్టూ నిలబడి ఫోన్లలో వీడియోలు తీశారు. పవర్‌హౌసు పడిపోయింది సరే, దాని చుట్టూ పెరిగిన కాంట్రాక్టు కూలీలు, బూడిద మోసినోళ్ళు, టీ కొట్టోళ్ళు ఎటు పోయారు? రేపు బొగ్గు అయిపోయిన నాడు, లేదా లోకం బొగ్గు వద్దన్న నాడు, కొత్తగూడెం, ఇల్లెందు, మణుగూరు, డోర్నకల్ ఏం తిని బతుకుతయి? ఈ ప్రశ్నకి జవాబు వెతకని యూనివర్సిటీకి ఎర్త్ అన్న పేరు బరువే.

ఇంకో సంగతి. ఆ 2018 సిలబస్‌లోనే 'భారతీయ సంప్రదాయ జ్ఞానం' అని ఇంకో తప్పనిసరి సబ్జెక్టు పెట్టారు. అందులో అష్టాదశ విద్యలు అని వరస ఉంది. నాలుగు వేదాలు, నాలుగు ఉపవేదాలు, ఆరు వేదాంగాలు, నాలుగు ఉపాంగాలు. పద్దెనిమిది అయిపోయినయి. లంద ఎక్కడుంది అందులో? పచ్చితోలుని సున్నంలో నానేసి, వెంట్రుక తీసి, తంగేడు చెక్క నీళ్ళలో వారాల తరబడి ఊరబెట్టి, ఇరవై ఏళ్ళు చెక్కుచెదరని చెప్పుగా, మోటబొక్కెనగా, డప్పుగా మార్చే విద్య ఏ ఉపవేదం? ఏ రసాయన శాస్త్రవేత్త చెప్పాడని మా ముసలోళ్ళు తంగేడు చెక్కని ఎంచుకున్నారు? తంగేడు పువ్వు ఇవాళ తెలంగాణ రాష్ట్ర పుష్పం. బతుకమ్మ మీద పెట్టి మొక్కుతారు. పువ్వుకి పీట, చెక్కకి వెలి!

తర్వాత క్రోమియం వచ్చింది. వారాల పని ఒకటి రెండు రోజుల్లో అయిపోయింది. లాభం టానరీ యజమానిది, విషం నీళ్ళది. తమిళనాడులో వెల్లూరు చుట్టూ టానరీలు పాలార్ నదినీ, బావుల్నీ, పొలాల్నీ పాడుచేస్తే అక్కడి జనం సుప్రీంకోర్టుకి పోయారు. 1996 ఆగస్టు 28 నాటి తీర్పులో కోర్టు సుస్థిర అభివృద్ధి ఈ దేశ చట్టంలో భాగమేననీ, పాడుచేసినవాడే మూల్యం చెల్లించాలనీ తేల్చింది. అంటే ఈ దేశపు చట్టంలో సుస్థిరతకి పీట పడింది తోలు కేసులో. తోలు ఎవరి పని? మాదిగ పని. ఆ పనిలో విషం లేని పద్ధతి ఎవరికి తెలుసు? మాదిగకి తెలుసు. తీర్పు చదివే విద్యార్థికి ఈ సంగతి మాత్రం తెలియదు.

అట్లాగని లందని మేం నెత్తిన పెట్టుకోవడం లేదు. ఆ కంపులో నడుములు విరిగేలా పనిచేసిన వాళ్ళ మనవళ్ళం మేం. లంద మంచిదని మమ్మల్ని మళ్ళీ లందలోకి తొయ్యాలని చూసే గాంధేయ పర్యావరణవాదులు కూడా ఉన్నారు. పల్లె అందమైనదని పాడేవాడికి పల్లెలో వాడ ఎటుందో అడగండి. విద్య మాదే, కాని పుట్టుకని బట్టి ఆ పని మాకే అంటగట్టడాన్ని మేం ఒప్పుకోం. ఆ విద్య లాబొరేటరీలోకి పోవాలి, దానికి పేటెంటు, జీతం, గౌరవం రావాలి. పనిలోంచి కులం పోవాలి, కులంలో ఇరుక్కున్న తెలివి బయటికి రావాలి.

మా పక్కనే బయ్యారం చెరువుంది. 13వ శతాబ్దంలో కాకతి గణపతిదేవుడి చెల్లెలు మైలాంబ తవ్వించిందని శాసనం చెప్తుంది. తవ్వించినామె పేరు రాయి మీదుంది, మంచిదే. తట్ట మోసిన వడ్డెరల పేరు, తూము దగ్గర రాత్రి పగలు కాపున్న నీరటికాడి పేరు ఏ రాయి మీదుంది? ఏ పొలానికి ఎంతసేపు నీళ్ళు, ఏ కార్తెలో తూము ఎంత ఎత్తాలి అన్న లెక్క నీరటికాడి తలలో ఉండేది. ఎన్నో ఊళ్ళలో ఆ నీరటికాడు మాలో మాదిగో. నీళ్ళు పంచినవాడు ఆ నీళ్ళు ముట్టరాదు! ఇదీ మన సంప్రదాయ జ్ఞానం అసలు కథ. జహీరాబాద్ దగ్గర డిడిఎస్ సంఘాల దళిత మహిళలు చిరుధాన్యాల విత్తనాలు కాపాడి, అప్పు లేని మెట్టసాగు చేసి చూపిస్తే 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ అవార్డు వాళ్ళ దగ్గరికి నడిచొచ్చింది. వాళ్ళలో ఏ కాలేజీ మెట్టూ ఎక్కనివాళ్ళే ఎక్కువ. ఏ యూనివర్సిటీ వాళ్ళని క్లాసుకి పిలిచి, ప్రొఫెసరుకి ఇచ్చే డబ్బులు ఇచ్చి, ఇంజనీర్ల ముందు నిలబెట్టి పాఠం చెప్పించింది?

ఇక మ్యాన్‌హోల్. పాకీపనిని నిషేధిస్తూ 1993లో చట్టం వచ్చింది, 2013లో ఇంకో చట్టం వచ్చింది. బెజవాడ విల్సన్, సఫాయి కర్మచారి ఆందోళన్ ఏళ్ళ తరబడి కొట్లాడితే 2014లో సుప్రీంకోర్టు మురుగు గుంతల్లో చనిపోయినవాళ్ళ కుటుంబాలకి 10 లక్షలు ఇవ్వమంది. 2023 అక్టోబర్‌లో 30 లక్షలు చేసింది. మనిషి చచ్చినంక ఎంతియ్యాలో కోర్టు లెక్కగట్టింది. మనిషి దిగకుండా ఎట్లా అన్నది ఇంజనీరు లెక్కగట్టాలి కదా? కేరళలో కొందరు కుర్ర ఇంజనీర్లు బ్యాండికూట్ అనే యంత్రాన్ని తయారుచేసి 2018లో మ్యాన్‌హోల్‌లోకి దింపారు. 2017లో హైదరాబాద్ జలమండలి సందుల్లోకి పోయే చిన్న జెట్టింగ్ యంత్రాలని తెచ్చి దళిత యువకుల్ని యజమానుల్ని చేసింది. అంటే చెయ్యొచ్చు. చేతకాక కాదు, చెయ్యబుద్ధి కాక. చంద్రుడి మీదకి యంత్రాన్ని దింపిన దేశం ఇంటి ముందర గుంతలోకి ఇంకా మనిషినే దింపుతోంది. ఆ దిగేవాడి కులం మారితే రెండేళ్ళలో వంద యంత్రాలు పుడతాయి.

మనవాళ్ళలోనే కొందరు అంటారు: 'ఇదంతా కడుపు నిండినోళ్ళ ముచ్చట. మన పిల్లలకి ఉద్యోగం కావాలె. కంప్యూటర్ సైన్సు చదవనియ్యి, చెట్టూ పుట్టా మనకెందుకు?' ఈ మాటని మేం తేలిగ్గా తీసెయ్యం. ఫీజు రీయింబర్స్‌మెంట్ పైసలు సకాలంలో రాక, ఫీజు కడితేనే సర్టిఫికెట్ ఇస్తామని కాలేజీలు కూసుంటే, వడ్డీకి తెచ్చి కట్టిన తల్లుల్ని మేం చూశాం. అట్లాంటి ఇంట్లోని బిడ్డకి మొదట ఉద్యోగమే కావాలి. కాదని ఎవరన్నా అంటే వాడికి ఆకలి తెలియదు. కాని మిత్రులారా, కడుపు నిండినోడు ఎండ ముదిరితే ఏసీ పెట్టుకుంటాడు, నీళ్ళు చెడితే డబ్బా కొంటాడు, వరదొస్తే పై అంతస్తు ఎక్కుతాడు. రేకుల ఇంట్లో ఉన్నది మనం. ఎండలో మిర్చి ఏరేది మన అమ్మ. మరి ఇది ఎవరి ముచ్చట? అసలు కంప్యూటర్ సైన్సు పిల్లలు మాత్రం వరద వచ్చే గంట ముందు వాడకీ తండాకీ ఫోన్లు మోగించే పని ఎందుకు నేర్చుకోకూడదు? ఆ రాత్రి ఆకేరు వంతెన ముందర ఒక్క హెచ్చరిక మోగి ఉంటే?

మమ్మల్ని మేం కూడా వదలం. హరితహారం రోజుల్లో మా బళ్ళలో ఏం చేశాం? ఫోటోలో మొక్క పట్టుకున్నది పెద్దోళ్ళు, గుంత తవ్వింది వాడ పిల్లలు, నీళ్ళు మోసింది ఆడపిల్లలు. పర్యావరణం అంటే చెట్టు బొమ్మ గీయించి మార్కులేశాం. మీ ఇంటి దగ్గర నీళ్ళు ఎటు పోతయి అని ఒక్కనాడన్నా అడిగామా? 1912లో భారతీయుల్లో మొదటి ఆంగ్లికన్ బిషప్పు అయిన అజరయ్య ఈ డోర్నకల్లోనే ఉండి మాల మాదిగ పల్లెల్లో బళ్ళు నడిపించాడు. ఆ అక్షరం మీద నిలబడ్డ మేం, మా చదువుని వాడ వైపు తిప్పకపోతే ఆ అప్పు తీరదు.

కనక మేం అడిగేవి ఇవి. పర్యావరణానికీ రాజ్యాంగానికీ సున్నా పెట్టే పద్ధతి ఎక్కడున్నా పోవాలి. అంతకన్నా ముఖ్యం, ప్రతి బ్రాంచిలో ఒక ప్రాజెక్టు వాడ నుంచి, తండా నుంచి, గని ఊరి నుంచి రావాలి. అక్కడి జనం ఒప్పుకోవాలి, సమస్య వాళ్ళు చెప్పాలి, ఫలితం తెలుగులో రాసి వాళ్ళ చేతికియ్యాలి. నీరటికాడు, తోలుపని తెలిసిన ముసలాయన, విత్తనం తెలిసిన అవ్వ, మురుగు కార్మికుడు క్లాసులో గురువులుగా కూసోవాలి, డబ్బులు తీసుకోవాలి. కొత్తగూడెం యూనివర్సిటీ గనుల కింద ఊళ్ళు పోయినవాళ్ళ పిల్లలకి సీట్లు పెట్టాలి, ఏ కులం నుంచి ఎందరు చేరారో, ఏ కులం నుంచి ఎందరు పాఠం చెప్తున్నారో ఏటా బయటపెట్టాలి. ఫీజు బకాయిల వల్ల ఒక్క సర్టిఫికెట్ కూడా ఆగకూడదు. ఊళ్ళో వేసే ప్రతి రోడ్డుకీ తూముకీ కొలతలు వాడలో బోర్డు మీద తెలుగులో రాయాలి. మన పిల్లగాళ్ళు టేపు పట్టుకుని సరిచూసుకుంటారు.

ఇవేవీ అడుక్కుంటే రావు. కాబట్టి ఈ పత్రిక చదివే ప్రతి ఇంజనీరింగ్ విద్యార్థినీ, విద్యార్థినీ ఒక్కటే కోరుతున్నాం. ఈ సెలవుల్లో ఇంటికొచ్చినప్పుడు ఒక టేపు తెచ్చుకోండి. మీ వాడ గడప ఎత్తు, రోడ్డు ఎత్తు, తూము వెడల్పు, బావి లోతు కొలిచి మాకు రాసి పంపండి. మేం అచ్చేస్తాం. పది వాడల లెక్క ఒకచోట పెట్టుకుని ఆఫీసు మెట్లు ఎక్కుదాం. నిద్రపోయే కాగితం మీద ఇంకో పది కాగితాల బరువు పడితే లేవక చస్తుందా?

ఆ హమాలీ తండ్రి అడిగిన ప్రశ్న ఇంకా అక్కడే ఉంది. మనకేడ భూమి ఉన్నది, కాపాడనీకి? జవాబు చెప్పాల్సింది పర్యావరణ శాస్త్రం పుస్తకం కాదు, మనం. ముందు భూమి మనది కూడా అని తేలాలి, ఆ తర్వాతే కాపాడే ముచ్చట.

జై భీమ్.